పలు ఆపరేటింగ్ సిస్టమ్‌లున్న కంప్యూటర్‌లో డిస్క్ విభాగాల మిర్రరింగ్

7.4.1 పరిచయం

ఒకే కంప్యూటర్‌లో రెండు మూడు ఆపరేటింగ్ సిస్టమ్‌లను ఉంచి, ఆన్ చేసినప్పుడు కావలసినదాన్ని ఎంచుకునే పద్ధతిని మల్టీబూట్ అంటారని ఇంతకు ముందు తెలుసుకున్నారు. ఒక డిస్క్‌లో రాసే సమాచారాన్నంతా అదే సమయంలో రెండో డిస్క్‌లోనూ రాయడాన్ని మిర్రరింగ్ అంటారు. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ 1988లో ప్రచురించిన పరిశోధన పత్రంలో దీన్ని రెయిడ్ మొదటి స్థాయిగా పేర్కొన్నారు. రెయిడ్-1 అన్న పేరు అలా వచ్చింది. ఒక డిస్క్ చెడిపోయినా రెండోదానితో పని సాగిపోతుంది.

ఈ రెండూ విడివిడిగా సులువే. కలిపినప్పుడే చిక్కు వస్తుంది. సాఫ్ట్‌వేర్ రెయిడ్‌లో జంటగా రాసే పని చేసేది ఆ సమయంలో నడుస్తున్న ఆపరేటింగ్ సిస్టమ్. లినక్స్ ఏర్పరచిన మిర్రర్ గురించి విండోస్‌కు ఏమీ తెలియదు. దానికి కనిపించేవి రెండు వేర్వేరు విభాగాలు మాత్రమే.

7.4.2 సగం మిర్రర్‌లో రాస్తే ఏమవుతుంది?

లినక్స్‌లో ఒక మిర్రర్‌ను తయారు చేసి, విండోస్‌లోనూ పనికొస్తుందని దాన్ని ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో ఫార్మాట్ చేశారనుకుందాం. మీరు విండోస్‌లోకి వెళ్లి మొదటి డిస్క్‌లోని సగాన్ని తెరిచి, ప్రాజెక్ట్ రిపోర్టులో నాలుగు పేజీలు చేర్చి సేవ్ చేశారు. ఆ నాలుగు పేజీలు మొదటి డిస్క్‌లోనే ఉన్నాయి. మరునాడు లినక్స్‌లోకి వచ్చారు. రెండు భాగాలూ సమానమేనన్న నమ్మకంతో లినక్స్ కొన్ని బ్లాకులను మొదటి డిస్క్ నుంచి, కొన్నింటిని రెండో డిస్క్ నుంచి చదువుతుంది. ఫైల్ జాబితా కొత్తది, లోపలి సమాచారం పాతది కావచ్చు. తెరపై హెచ్చరికేమీ రాదు. లినక్స్ కూడా దానిపై రాయడం మొదలుపెట్టాక ఏ సగం సరైనదో ఎవరూ చెప్పలేరు. మిర్రర్‌ను సరిచేయమంటే అది ఒక సగాన్ని రెండోదానిపైకి కాపీ చేస్తుంది; ఏది సరైనదో దానికీ తెలియదు.

ఈ ప్రమాదానికి మిర్రర్ వివరాల రికార్డు ఉండే చోటుతో సంబంధం ఉంది. లినక్స్‌లో ఎండీఏడీఎం అనే సాధనం ఈ రికార్డును రాస్తుంది. 1.0 రూపంలో అది విభాగం చివర ఉంటుంది. మొదట్లో మామూలు ఫైల్ సిస్టమే ఉంటుంది కాబట్టి ఇతర సిస్టమ్‌లు దాన్ని నేరుగా తెరవగలవు. 1.2 రూపంలో రికార్డు విభాగం ప్రారంభానికి 4 కిలోబైట్ల దూరంలో ఉంటుంది, ఫైల్ సిస్టమ్ ఆ తర్వాత మొదలవుతుంది. అందువల్ల విండోస్ దాన్ని గుర్తుపట్టలేదు. ఇది లోపంలా అనిపించినా మన సందర్భంలో రక్షణే. 1.2నే వాడండి.

7.4.3 స్థలం కేటాయింపు

మీ వద్ద 1 టెరాబైట్ డిస్క్‌లు రెండు ఉన్నాయనుకోండి. విండోస్, డెబియన్, ఫెడోరా మూడూ కావాలి. రెండు డిస్క్‌లలోనూ జీపీటీ పట్టికనే ఎంచుకోండి. పాత ఎంబీఆర్ పట్టికలో ప్రాథమిక విభాగాలు 4కు మించవు.

ప్రతి డిస్క్ మొదట్లో బూట్ కోసం 1 గిగాబైట్ ఈఎఫ్‌ఐ విభాగం ఉంచండి. తర్వాతి 200 గిగాబైట్లు మొదటి డిస్క్‌లో విండోస్‌కు ఇవ్వండి. రెండో డిస్క్‌లో అంతే స్థలాన్ని విండోస్, లినక్స్ ఫైళ్లు ఇచ్చిపుచ్చుకోవడానికి ఎన్‌టీఎఫ్‌ఎస్ విభాగంగా ఉంచండి. ఈ రెంటికీ మిర్రర్ లేదు. ఆ తర్వాత రెండు డిస్క్‌లలోనూ ఒకే కొలతతో డెబియన్‌కు 100, ఫెడోరాకు 100, మీ సొంత ఫైళ్లకు 450 గిగాబైట్లు కేటాయించి, మూడు మిర్రర్ జంటలు చేయండి. చివరి స్థలాన్ని ఖాళీగా వదలండి. రేపు కొనే డిస్క్ పరిమాణం కొద్ది మెగాబైట్లు తక్కువగా ఉన్నా అప్పుడు ఇబ్బంది ఉండదు.

సొంత ఫైళ్ల మిర్రర్‌ను డెబియన్, ఫెడోరా రెండూ వాడుకోవచ్చు, రెంటికీ ఆ రికార్డు అర్థమవుతుంది. అయితే ఒకదాన్ని హైబర్నేట్ చేసి రెండోదాన్ని తెరవకూడదు. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్‌ను కూడా ఇదే కారణంతో ఆపివేయాలి.

7.4.4 బూట్ విభాగం, పరీక్ష

ఈఎఫ్‌ఐ విభాగాన్ని మిర్రర్ చేయాలన్న ఆలోచన సహజమే. కానీ లినక్స్ మొదలు కాకముందే మదర్‌బోర్డులోని ఫర్మ్‌వేర్ దాన్ని తెరుస్తుంది, అవసరమైతే రాస్తుంది కూడా. సగం మిర్రర్‌లో రాసే సమస్య మళ్లీ అక్కడికే వస్తుంది. కనుక రెండు ఈఎఫ్‌ఐ విభాగాలను విడిగా ఉంచి, బూట్ లోడర్ మారినప్పుడల్లా మొదటిదాన్ని రెండోదానిలోకి కాపీ చేయండి. రెండో డిస్క్‌ను కూడా ఫర్మ్‌వేర్ బూట్ జాబితాలో చేర్చండి.

తర్వాత చాలామంది వదిలేసే పని ఒకటుంది. కంప్యూటర్‌ను పూర్తిగా ఆపి, మొదటి డిస్క్ కేబుల్ తీసి, ఆన్ చేయండి. విండోస్ రాదు, దానికి మిర్రర్ లేదు. డెబియన్, ఫెడోరా రావాలి. రాకపోతే లోపం ఈ రోజే తెలిసింది, డిస్క్ పోయిన రోజున కాదు. మిర్రర్ స్థితిలో సాధారణంగా రెండు ‘యు’ అక్షరాలు కనిపిస్తాయి. ఇప్పుడు ఒకదాని స్థానంలో అడ్డగీత ఉంటుంది. మళ్లీ ఆపి, కేబుల్ కలిపి, తీసిన డిస్క్‌లోని విభాగాలను ఎండీఏడీఎంతో తిరిగి చేర్చండి. సెకనుకు 100 మెగాబైట్ల వేగమైతే 450 గిగాబైట్లు పూర్తిగా సమానం కావడానికి 75 నిమిషాలు పడుతుంది.

మీరు పొరపాటున ఒక ఫైల్‌ను చెరిపేస్తే అది రెండు డిస్క్‌లలోనూ అదే క్షణంలో చెరిగిపోతుందని గుర్తుంచుకోండి. పరీక్షలకు, ఉద్యోగానికి కావలసిన ఫైళ్ల నకలు విడిగా మరో డిస్క్‌లో ఉండాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. మిర్రర్ రికార్డు విభాగం చివర ఉంటే విండోస్ వల్ల ఏ ప్రమాదం ఉంది?
2. పై కేటాయింపులో రెండో డిస్క్ చెడిపోతే ఏ విభాగంలోని ఫైళ్లు పూర్తిగా పోతాయి?