నట్టనడుమ ఊరు, జనం 178

అమెరికా పటాన్ని అట్టమీద అతికించి, సరిహద్దుల వెంట కత్తిరించి, సూది మొన మీద నిలబెడితే ఎక్కడ తూగుతుంది? 1918లో అక్కడి ప్రభుత్వ సర్వే సంస్థ చేసిన పని ఇదే. అట్ట నిలిచిన చోటు కాన్సస్ రాష్ట్రం, స్మిత్ కౌంటీలోని లెబనాన్ అనే ఊరి దగ్గర పడింది. అసలు బిందువు ఒక రైతు పందుల దొడ్డిలో పడిందట. వచ్చిపోయేవాళ్ల బెడద ఆయనకు ఇష్టం లేక, రాతి గుర్తును అర మైలు అవతల కట్టారని చెబుతారు. 1959లో అలాస్కా, హవాయి రాష్ట్రాలయ్యాక మొత్తం దేశపు కేంద్రం దక్షిణ డకోటాకు జరిగింది. లెబనాన్‌కు మిగిలింది ఆనుకుని ఉన్న 48 రాష్ట్రాల నడిబొడ్డు అన్న పేరు.

2010లో ఆ ఊళ్లో 218 మంది ఉండేవారు. 2020 నాటికి 178 మంది. స్మిత్ కౌంటీ మొత్తంలో 1900లో 16,384 మంది ఉంటే, 2020లో 3,570 మందే. పంటలు పండక కాదు. గోధుమ, జొన్న బాగానే పండుతున్నాయి. అన్నట్టు, అమెరికాలో జొన్న ఎక్కువగా పండించేది కాన్ససే. కాకపోతే అందులో చాలా భాగం పశువుల దాణాకు, ఇథనాల్‌కు పోతుంది.

కిటుకంతా కమతంలో ఉంది. ప్రెయిరీ నేలను సర్వేయర్లు గళ్లుగా కోశారు. గడికి ఒక చదరపు మైలు, అంటే 640 ఎకరాలు. 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం అయిదేళ్లు ఉండి సాగు చేసిన కుటుంబానికి 160 ఎకరాలిచ్చింది. అంటే గడికి నాలుగిళ్లు. (అంతకుముందు ఆ గడ్డిమైదానాల్లో అడవిదున్నలను వేటాడి బతికిన పానీ తెగవారి ఊసు ఈ లెక్కల్లో లేదు.) గుర్రబ్బండిలో ధాన్యం తోలి సాయంత్రానికి ఇల్లు చేరగల దూరాల్లో రైలు స్టేషన్లు, వాటి పక్కన ధాన్యపు గిడ్డంగి, కొట్టు, బడి, చర్చి వెలిశాయి. రైలు పక్కనుంచి పోతే ఇళ్లనే లాక్కెళ్లి పట్టాల దగ్గర పెట్టుకున్న ఊళ్లూ ఉన్నాయి.

ట్రాక్టరు, కోత యంత్రం వచ్చాక ఒక్క కుటుంబమే వేల ఎకరాలు చేసుకోగలుగుతోంది. గడికి నాలుగు పొయ్యిలు వెలిగినచోట ఇప్పుడు కొన్ని గళ్లకు ఒకటి. లారీలొచ్చాక గిడ్డంగి ఊరూరా ఉండాల్సిన పనీ తప్పింది. పిల్లలు తగ్గితే బడి మూతపడుతుంది. బడి లేని ఊళ్లో చిన్న పిల్లలున్న కుటుంబం ఉండదు. ముసలివాళ్లే మిగిలితే పుట్టుకలకంటే చావులు పెరుగుతాయి. వలసలు ఆగినా జనాభా తగ్గుతూనే ఉంటుంది. కొత్త పరిశ్రమో రోడ్డో వస్తే ఊరు కోలుకుంటుందని చెప్పే రాజకీయ నాయకులు ఈ లెక్క చూడాలి.

నేలకు కాకుండా జనానికి నడిమధ్య ఎక్కడో కూడా అమెరికా జనగణన శాఖ లెక్కిస్తుంది. 1790లో ఆ బిందువు మేరీలాండ్‌లో ఉండేది. పడమరగా జరుగుతూ 2020కి మిస్సోరీలోని హార్ట్‌విల్ దగ్గరికి చేరింది. కాన్సస్‌లోకి ఇంకా అడుగు పెట్టలేదు.