సుంకం ఢిల్లీలో... దెబ్బ కంబళి తోటలో

నరసాపురం (కోలారు జిల్లా): ముడిపట్టు మీద దిగుమతి సుంకం ఎంతుండాలో ఢిల్లీలో తేలుస్తారు. ఆ అంకె మారినప్పుడల్లా కోలారు జిల్లా కంబళి తోటల్లో కూలిపని ఉంటుందా, ఊడుతుందా అన్నది తేలిపోతుంది.

2011 బడ్జెట్లో కేంద్రం ఈ సుంకాన్ని 30 శాతం నుంచి ఒక్కసారిగా 5 శాతానికి దించేసింది. చైనా పట్టు చవగ్గా వచ్చి పడింది. గూళ్ల ధర కూలింది. రామనగర మొదలు శిడ్లఘట్ట దాకా రైతులు రోడ్డెక్కారు. 2013లో సుంకాన్ని 15 శాతం చేశారు. ఆ తర్వాత 10కి దించి, 2021లో మళ్లీ 15కు ఎక్కించారు. పదేళ్లలో ఇన్ని మార్పులు! కంబళి మొక్క ఏమో ఒకసారి నాటితే పదేళ్లకు పైగా ఉండే పంట. బడ్జెట్ చూసుకుని ఏటేటా పీకి నాటేది కాదు.

అలాగని సుంకం పెంచితే అందరికీ మేలే అనుకోవడానికీ లేదు. సరిహద్దు దాటి ధర్మవరం వెళ్లి మగ్గం ముందు కూర్చున్న నేతన్నను అడగండి. ఆయనకు పట్టు దారం ధర దిగాలి. గూడు పెంచేవాడూ మనవాడే, చీర నేసేవాడూ మనవాడే. ఒకరికి కూడు పెట్టే అంకె ఇంకొకరి కడుపు కొడుతోంది.

అయితే రైతు గోడు ఎలాగోలా పేపరుకెక్కుతుంది. కూలీ సంగతే ఎవరికీ పట్టదు. పట్టుపురుగుకు నాలుగు వారాల దాకా మేత. ఆకు కోయాలి, తట్టలు శుభ్రం చేయాలి, పండిన పురుగును ఏరి చంద్రికల మీద వేయాలి. ఎక్కువగా ఆడవాళ్ల పని. ధర పడితే రైతు మొదట తగ్గించేది కూలీలనే. ఇంటిల్లిపాదీ నడుం వంచి పంట గట్టెక్కిస్తారు. అదీ కుదరకపోతే తోట పీకి టమాటా పెడతారు. అదో జూదం. 2023 జూలైలో కోలారు మార్కెట్లో 15 కిలోల పెట్టె రెండు వేలు దాటింది. కోత కూలి కూడా గిట్టక రోడ్డు పక్కన పారబోసిన రోజులూ ఈ జిల్లా చూసింది.

ఈ లోపల నరసాపురం రూపే మారింది. 2013లో హోండా బండ్ల ఫ్యాక్టరీ వచ్చింది. తర్వాత విస్ట్రాన్ వచ్చి ఐఫోన్లు చేసింది. భూమి తీసుకున్నప్పుడు పరిహారం పహణిలో పేరున్నవాళ్లది. ఆ భూమిలో ఆకు కోసి బతికినవాళ్ల పేరు ఏ పహణిలోనూ ఉండదు.

నెల జీతం మంచిదే, కాదనలేం. కానీ అందులోనూ కాంట్రాక్టరు ఉన్నాడు. జీతాలు సరిగా రాలేదని 2020 డిసెంబరు 12న విస్ట్రాన్ కార్మికులు ఫ్యాక్టరీ అద్దాలు పగలగొట్టారు. చెల్లింపుల్లో పొరపాట్లు జరిగాయని కంపెనీయే ఒప్పుకుంది. 2023లో అది టాటాల చేతికి వచ్చింది. అదే ఏడు రోజుకు 12 గంటల దాకా పని చేయించుకునే వీలు కల్పిస్తూ కర్ణాటక చట్టం సవరించింది. వారానికి 48 గంటలు మించకూడదన్నారు.

ఆ గేటు దగ్గర అడిగేది వయసు, చదువు. కూతురికి రెండూ ఉంటే కంపెనీ బస్సెక్కుతుంది. ఇరవై ఏళ్లు కంబళి ఆకు కోసిన తల్లికి అక్కడ పని లేదు. రేపు టమాటా కోతకు ఏ ఊరి నుంచి ఆటో వస్తుందో ఆమె కనుక్కోవాలి.