చేతిపై తెల్లమచ్చలు – అంటురోగం కాదు

పాలకేంద్రంలో క్యాన్లు, గచ్చు కడిగేవారి చేతులపై తెల్లమచ్చలు కనబడితే కొందరు కుష్ఠు అని భయపడతారు. ఆ చేతి పాలు వద్దంటారు. ఇది తగదని సభ్యులకు మనవి చేస్తున్నాము.

1939లో అమెరికాలోని ఒక తోళ్ళ కర్మాగారంలో రబ్బరు తొడుగులు ధరించిన కార్మికులలో సుమారు సగం మందికి చేతులు తెల్లబడ్డాయి. రబ్బరు పాడవకుండా కలిపిన ఒక హైడ్రోక్వినోన్ రసాయనమే అందుకు కారణమని తేలింది. తరువాత 'పారా టెర్షియరీ బ్యుటైల్ ఫినాల్' వంటివి గల కొన్ని క్రిమిసంహారక మందులు, జిగురులు కూడా ఇట్లే చేస్తాయని తెలిసింది.

చర్మానికి రంగునిచ్చే కణాలు టైరోసిన్ అనే పదార్థం నుండి ఆ రంగును తయారు చేస్తాయి. ఈ రసాయనాలు టైరోసిన్‌ను పోలి ఉంటాయి. కణాలు వాటిని స్వీకరించి, విషంగా మార్చుకొని, తామే నశిస్తాయి. మచ్చలు వారాలు, నెలలు గడిచాక గాని కనబడవు. మందు తగలనిచోట కూడా రావచ్చు.

కనుక మన సంఘాలలో ఈ జాగ్రత్తలు పాటించాలి:

1. మందును కొలిచి, కర్రతోనే నీళ్ళలో కలపాలి. చేయి పెట్టరాదు.
2. ఒంటిపై పడితే వెంటనే సబ్బుతో కడగాలి.
3. మచ్చ కనబడితే ఆ మందు, ఆ తొడుగులు వాడకం ఆపి, డబ్బా మీది చీటీతో సహా చర్మవైద్యునికి చూపాలి.

ముందే మానితే రంగు తిరిగి రావచ్చు. అందరికీ రాదు. మచ్చపై స్పర్శ లేకపోతే కుష్ఠు పరీక్ష చేయించాలి. దానికీ పూర్తిగా నయమయ్యే మందులున్నాయి.

మచ్చ వచ్చినవారికి పని మార్చండి, పని తీసివేయకండి.