స్కూటరు టాంకులో నిజముగా పెట్రోలు ఎంత పట్టును?

వేంపల్లె నుండి కడపకు గాని పులివెందులకు గాని పోవు దారిలోని పెట్రోలు బంకుల వద్ద జరుగదగిన ఒక తగవును ఊహింతము. ఇంజను ఆగిపోయిన స్కూటరును ఒకాయన తోసికొని వచ్చి, టాంకు నిండుగా పోయుమనును. పోసిన తరువాత మీటరు 5.6 లీటర్లు చూపును. స్కూటరుతో ఇచ్చిన పుస్తకములో టాంకు పరిమాణము 5.3 లీటర్లని అచ్చై ఉన్నది. "ఇదేంది నాయనా, ఐదుంబావు లీటర్ల టాంకులో ఐదున్నర పైన యెట్ల పడుతుంది?" అని ఆయన అడుగును. బంకులోని కుర్రవాడు మీటరును చూపును. ఆయన పుస్తకమును చూపును. చుట్టూ చేరినవారు తలా ఒక మాట అందురు. తప్పు తనది కాకపోయినను మాట పడవలసినవాడు ఆ కుర్రవాడే.

ఇక్కడ మీటరు చెప్పినదియు, పుస్తకము చెప్పినదియు రెండును నిజమే కావచ్చును. టాంకు పరిమాణమనునది ఒకే సంఖ్య కాదు. ఇందు కనీసము మూడు సంఖ్యలు ఇమిడి యున్నవి.

మొదటిది, మూత తీసి గొంతు అంచు వరకు నింపినచో పట్టునది. రెండవది, కంపెనీవారు ప్రకటించునది. ఇది పైన కొంత ఖాళీ ఉంచి చెప్పినది. మూడవది, ఇంజనుకు నిజముగా అందునది. టాంకు అడుగున ఉన్న పెట్రోలంతయు ఇంజనుకు అందదు. పెట్రోలును గ్రహించు గొట్టపు నోరు అడుగునకు ఆనియుండక కొంచెము ఎత్తున ఉండును. నీరు పెట్రోలు కంటె బరువైనది కనుక టాంకులో చేరిన నీటి బొట్లు, తుప్పు, నలుసులు అడుగునకు దిగిపోవును. అవి ఇంజనులోనికి పోకుండుటకే ఈ ఏర్పాటు. మన రోడ్లపై విరివిగా తిరుగు 110 సి.సి. స్కూటర్లలో ప్రకటిత పరిమాణము సాధారణముగా 5 మొదలు 6 లీటర్ల వరకు ఉండును. హోండా యాక్టివాకు చెప్పునది 5.3 లీటర్లు. అయితే బండి నడుపువానికి ముఖ్యముగా కావలసినది మూడవ సంఖ్య. పుస్తకములో సాధారణముగా లేనిది కూడ అదే.

పైన ఖాళీ ఎందుకు? పెట్రోలు వేడికి బాగుగా వ్యాకోచించును. ఒక్కొక్క సెంటిగ్రేడు డిగ్రీకి దాని ఘనపరిమాణము సుమారు వెయ్యింట ఒక వంతు పెరుగును. బంకులో పెట్రోలు భూమిలోపలి తొట్టిలో ఉండును కనుక కడప ఎండలతో పోల్చినపుడు చల్లగా ఉండును. దానిని టాంకులో పోసి, మే నెలలో బండిని ఎండలో నిలిపినచో ఉష్ణోగ్రత 20 డిగ్రీలు పెరిగెననుకొందము. 5.4 లీటర్ల పెట్రోలు 5.4 × 0.001 × 20, అనగా 0.108 లీటరు పెరుగును. ఇది ఒక చిన్న టీ గ్లాసెడు. ఖాళీ ఉన్నచో అందులో సర్దుకొనును. లేనిచో మూత సందులగుండ కారును. పైగా ఇటీవలి స్కూటర్లలో పెట్రోలు ఆవిరిని పట్టియుంచుటకు బొగ్గు నింపిన ఒక డబ్బా కలదు. గొంతు వరకు నింపినచో ఆవిరికి బదులు ద్రవమే అందులోనికి చేరి బొగ్గును పాడుచేయును. ఎండాకాలములో టాంకు నిండుగా పోసినచో బండి పేలునని ఏటేట వ్యాపించు వదంతికి మాత్రము ఆధారము లేదు. కంపెనీ చెప్పిన గుర్తు వరకు ఏ కాలములోనైనను నింపవచ్చును.

ఇక కొలుచుట ఎట్లు? టాంకు చదరముగా ఉన్నచో పొడవు, వెడల్పు, ఎత్తు గుణించిన చాలును. కాని స్కూటరు టాంకు సీటు క్రిందనో, కాలుపెట్టు పలక క్రిందనో దొరికిన చోటులో ఇమిడ్చినది. దానికి మూలలు, గుంటలు, వంపులు ఎక్కువ. కావున సూత్రము పనికిరాదు, పోసి కొలువవలసినదే. మెకానిక్కు టాంకును శుభ్రము చేయుటకు విప్పిన రోజు ఇందుకు మంచి సమయము. అప్పుడు టాంకు పూర్తిగా ఖాళీగా ఉండును. తిరిగి బిగించిన పిమ్మట బండిని సమమైన నేలపై నడిమి స్టాండు వేసి నిలుపవలెను. ప్రక్క స్టాండుపై వంగియున్నచో ఒక మూలలో గాలి చిక్కుకొని లెక్క తప్పును.

పోయునపుడు గొట్టము తానుగా ఆగు చోటును గుర్తించవలెను. గొట్టపు కొన వద్ద ఒక చిన్న రంధ్రము ఉండును. పెట్రోలు పారునంతసేపు ఆ రంధ్రముగుండ గాలి లోనికి పీల్చబడుచుండును. పెట్రోలు మట్టము పెరిగి రంధ్రమును మూసినపుడు గాలి అందక, లోపల పీడనము తగ్గి, ఒక పలుచని పొర కదలి మీటను విడిపించును. నురుగు పొంగినను ఇది జరుగవచ్చును కనుక మెల్లగా పోయుట మేలు.

మన తగవులోని స్కూటరు సంగతి చూతము. ఈ సంఖ్యలు ఉదాహరణకు మాత్రమే. పూర్తిగా ఖాళీ అయిన టాంకులో గొట్టము ఆగు వరకు 5.4 లీటర్లు పట్టినది. గొంతు అంచు వరకు 5.9 పట్టినది. ఇంజను ఆగిపోయిన తరువాత మెకానిక్కు టాంకును వంచి అడుగున మిగిలినది తీసి కొలువగా 0.3 లీటరు వచ్చినది. ఆనాడు కుర్రవాడు గొంతు వరకు పోసినాడు. కావున పట్టవలసినది 5.9 − 0.3, అనగా 5.6 లీటర్లే. మీటరు చెప్పినదియు అదే!

మీటరుపై అనుమానమున్నచో తీర్చుకొను మార్గము వేరుగా కలదు. ప్రతి బంకులోను ముద్ర వేసిన 5 లీటర్ల కొలపాత్ర ఉండవలెను. కొనువాడు అడిగినచో అందులో పోసి చూపవలెను. అనుమతించిన తేడా నూటికి అర వంతు, అనగా 5 లీటర్లకు 25 మిల్లీలీటర్లు. 300 మిల్లీలీటర్ల తేడా ఈ లెక్కలో ఇమడదు. కొలపాత్ర సరిపోయినచో తేడా టాంకులోనే ఉన్నదని గ్రహింపవలెను.

బంకు వద్ద పోయినది మాట మాత్రమే. దారిలో అయితే సంగతి వేరు. పై స్కూటరుపై వేంపల్లెలోని ఒక ఉపాధ్యాయుడు టాంకు నింపి, ముల్లు ఎర్రగీతను తాకువరకు తిరిగి, మరల గొట్టము ఆగువరకు నింపించినాడనుకొందము. 4.1 లీటర్లు పట్టినది. తిరిగిన దూరము 184.5 కిలోమీటర్లు. లీటరుకు 45 కిలోమీటర్లు అయినది. మరొకనాడు ముల్లు ఎర్రగీత మీద ఉండగా ఆయన కడపకు బయలుదేరవలసి వచ్చినది. కడప సుమారు 50 కిలోమీటర్లు. పుస్తకము ప్రకారము మిగిలినది 5.3 − 4.1, అనగా 1.2 లీటర్లు, 54 కిలోమీటర్లు పోవచ్చును. కాని నిజముగా టాంకులో ఉన్నది 5.4 − 4.1, అనగా 1.3 లీటర్లు, అందులో 0.3 ఇంజనుకు అందదు. మిగిలిన ఒక లీటరుతో వచ్చునది 45 కిలోమీటర్లే. పుస్తకమును నమ్మినవాడు కడప చేరకమునుపే బండి తోయవలెను. వెనుక సీటుపై ఆసుపత్రికి పోవలసిన మనిషి ఉన్నచో ఆ అయిదు కిలోమీటర్లు చిన్నవి కావు.

పాత స్కూటర్లలో ఈ చిక్కునకు ఒక సరళమైన ఉపాయముండెడిది. వెస్పా 1946లో ఇటలీలో పుట్టినది. మన దేశములో బొంబాయిలో 1955 నుండి లాంబ్రెట్టాలు తయారైనవి. ఆ తరము బండ్ల కుళాయికి తెరుచుట, మూయుట, రిజర్వు అని మూడు స్థానములు ఉండెడివి. టాంకులో రెండు ఎత్తులలో రెండు రంధ్రములు ఉండును. పై రంధ్రము క్రిందికి మట్టము దిగగానే బండి దగ్గును. కుళాయిని త్రిప్పినచో క్రింది రంధ్రముగుండ మిగిలినది వచ్చును. ముల్లు అబద్ధమాడవచ్చును గాని ఈ కుళాయి ఆడదు. మూసుకొనిపోయిన కుళాయిని రిజర్వులోనే మరచినవాని సంగతి వేరు.

ముల్లు అబద్ధమాడుట దాని దోషము కాదు. టాంకులో ఒక బెండు పెట్రోలుపై తేలుచుండును. దాని కడ్డీ కదలిన కొలది విద్యున్నిరోధము మారి ముల్లు కదలును. అనగా ముల్లు చూపునది మట్టపు ఎత్తును, ఘనపరిమాణమును కాదు. మన టాంకు అడుగు 6 సెంటీమీటర్ల ఎత్తు వరకు 250 చదరపు సెంటీమీటర్ల వైశాల్యముతో ఇరుకుగాను, ఆపైన 10 సెంటీమీటర్లు 390 చదరపు సెంటీమీటర్లతో వెడల్పుగాను ఉన్నదనుకొందము. క్రింద 1.5 లీటర్లు, పైన 3.9, మొత్తము 5.4. మట్టము సగము ఎత్తున, అనగా 8 సెంటీమీటర్ల వద్ద ఉన్నపుడు ఉన్నది 1.5 + 0.78, అనగా 2.28 లీటర్లు. సగమనుకొన్నది 2.7. తేడా 0.42 లీటరు, సుమారు 19 కిలోమీటర్ల దారి! మొదటి సగము నిదానముగా దిగి, రెండవ సగము పరుగెత్తుచున్నదని స్కూటరువారు చెప్పుకొనుటకు కారణమిదియే.

పెట్రోలు పంపు టాంకులోపలనే ఉండు కొత్త ఇంజెక్షను బండ్లలో ఇంజను ఆగువరకు నడిపి పరీక్షించుట మంచిది కాదు. ఆ పంపును చల్లార్చునదియు, దానికి జిడ్డునిచ్చునదియు పెట్రోలే. అట్టి బండ్లలో అడుగున మిగులునది సర్వీసు సమయమున తీయించి కొలుచుకొనవలెను.

పాఠశాలలో ఈ ప్రయోగమునకు పెట్రోలు వాడరాదు. దాని ఆవిరి గాలి కంటె బరువైనది, నేలబారున ప్రాకి దూరపు నిప్పును కూడ అందుకొనును. మెకానిక్కు పారవేసిన తుప్పు టాంకు ఒకటి తెచ్చి, కడిగి, గాలికి బాగుగా ఆరనిచ్చి, గొట్టపు రంధ్రములను మూసి నీటితో చేయవచ్చును. కొలజాడీతో 500 మిల్లీలీటర్ల చొప్పున పోయుచు, ప్రతిసారి ఒక పుల్లను నిలువుగా ముంచి తడిసిన ఎత్తును స్కేలుతో కొలిచి, గ్రాఫు కాగితముపై గుర్తించవలెను. చుక్కలను కలిపిన గీత ఎక్కడ వంగునో అక్కడ టాంకు వెడల్పు మారినదన్నమాట. చివర నీటితో సహా టాంకును తూచి, ఖాళీ టాంకు బరువు తీసివేసినచో కిలోకు లీటరు చొప్పున మొత్తము మరొక దారిన వచ్చును. రెండు ఫలితములు ఎంత దగ్గరగా ఉన్నవో విద్యార్థులే చూడగలరు. పెట్రోలు లీటరు సుమారు 0.74 కిలో ఉండును కనుక, అదే టాంకు నిండిన స్కూటరు ఎంత బరువు పెరుగునో వారి చేత లెక్కింపజేయవచ్చును.