కర్రపెండలపు గడ్డయు సగ్గుబియ్యపు మిల్లును

పుట్టపర్తి, పెనుకొండ, ధర్మవరము ప్రాంతముల సభ్యులు కొందఱు మమ్మొక ప్రశ్న యడుగుచున్నారు. “వానలు తప్పి వేరుసెనగ పలుమాఱు చేతికి రాకపోవుచున్నది. గోదావరి మెట్టభూములలో కర్రపెండలము పండించువారు కలరని వింటిమి. మనమును నాటరాదా?” అని. దీనికి ఔననియో కాదనియో ఒక్క మాటలో చెప్పుట న్యాయము గాదు. గడ్డను పండించుట వేఱు, గడ్డను సరకుగా మార్చుట వేఱు. రైతు లాభనష్టములు ముఖ్యముగా రెండవదానియందే యున్నవి.

కర్రపెండలము దక్షిణ అమెరికానుండి వచ్చిన పంట. 1880 మొదలు 1885 వఱకు తిరువాన్కూరు నేలిన విశాఖము తిరునాళ్ మహారాజు దీనిని తన ప్రజలచే సాగు చేయించి, బియ్యము కఱవైన దినములకు అండగా నిలిపెను. నిజమైన సగ్గుబియ్యము తూర్పు దీవులలో తాటిజాతికి చేరిన యొక చెట్టు బోదెనుండి తీసిన పిండితో చేయుదురు. రెండవ ప్రపంచయుద్ధమున ఆ దిగుమతి నిలిచిపోగా, 1943 ప్రాంతమున సేలములో కర్రపెండలపు పిండితో సగ్గుబియ్యము చేయ నారంభించిరి. మన రాష్ట్రమున సామర్లకోట, పెద్దాపురము పరిసరములందును ఇట్టి మిల్లులు వెలసినవి.

ఈ గడ్డకు రెండు గుణములు కలవు. రెండును రైతు మఱవరానివి. మొదటిది, త్రవ్వి తీసిన రెండు మూడు దినములలోనే లోపల నీలిచారలు పడి చెడిపోవును. వేరుసెనగవలె బస్తాలకెత్తి ధర వచ్చువఱకు దాచుటకు వీలులేదు. రెండవది, గడ్డయందును ఆకునందును విషమును పుట్టించు పదార్థము కలదు. చేదుజాతులలో నది మెండు. పచ్చి ఆకు మేసిన పశువులు చనిపోవుట కలదు. తొక్క తీసి, తురిమి, నానబెట్టి, ఎండించి, లేక బాగుగా నుడికించి తిన్ననే క్షేమము.

పాతపద్ధతి మిల్లులో పని యిట్లుండును. గడ్డను కడిగి, తొక్క యొలిచి, తురుము యంత్రమున వేసి, నీటితో జల్లెడ పట్టుదురు. ఆ పాలనీటిని తొట్లలో నిలువ నుంచగా పిండి యడుగున పేరుకొనును. ఇందుకు అనేక గంటలు పట్టును. ఆలస్యమైనకొలది నీరు పులిసి పిండి తెలుపు తగ్గును. ఆ తడిపిండిని గుండ్రని పూసలుగా చేసి, వేడి పెనములపై వేయించి, ఎండబెట్టినచో సగ్గుబియ్యమగును. మబ్బు పట్టినచో ఆరబోత నిలిచిపోవును. మిల్లువాడు గడ్డ కొనుట మానును. రైతు గడ్డ పొలముననే ముదిరిపోవును.

కొత్తపద్ధతిలో గడ్డను మిక్కిలి మెత్తగా తురుముటవలన పిప్పిలో నిలిచిపోవు పిండి తగ్గును. గిరగిర తిరుగు యంత్రములు పాలనీటినుండి పిండిని కొద్దిసేపటిలోనే వేఱుచేయును. వేడిగాలితో నారబెట్టుటచే ఎండకై యెదురుచూడ నక్కఱలేదు. మురుగునీటిని మూసిన తొట్లలో కుళ్లబెట్టి వంటగ్యాసు వంటి వాయువును తీసి, మిల్లు పొయ్యికే వాడుకొనువారు సేలము ప్రాంతమున కలరు. అట్లుగాక ఆ పుల్లనీటిని వాగులోనికి వదలినచో చెఱువును బావియు చెడును. పిప్పిని ఎండబెట్టి పశువుల దాణాలో కలుపుదురు.

యంత్రముకంటెను ముఖ్యమైనది తూకము. ఒకని గడ్డలో నూటికి 28 పాళ్లు, వేఱొకని గడ్డలో 22 పాళ్లు పిండి యున్నదనుకొందము. ఇరువురును వేయి కిలోలు తెచ్చినచో ఒకని సరకున 280 కిలోలు, వేఱొకని సరకున 220 కిలోలు పిండి యుండును. కేవలము బరువునుబట్టి కొనువాడు ఇరువురికి నొకే ధర యిచ్చును. మంచి గడ్డ పండించినవాని కష్టము దళారి పాలగును. గడ్డను గాలిలో నొకమాఱు, నీటిలో ముంచి యొకమాఱు తూచినచో పిండి పాలెంతయో యించుమించుగా తెలియును. ఈ చిన్న త్రాసు రైతుల చేతిలో నుండుట పెద్ద మిల్లుకంటె మేలు.

సేలములో 1981లో సగ్గుబియ్యము, గంజిపిండి తయారుచేయువారి సహకార సంఘ మేర్పడినది. సరకును సంఘపు గిడ్డంగిలో నుంచి, నాణ్యము పరీక్షించి, పోటీ ధరలపై అమ్మి, నిలువ సరకుపై అడ్వాన్సు నిచ్చుట దాని పని. దీనివలన మిల్లుదారుడు దళారి వాకిట నిలువ నక్కఱలేకపోయినది. అయితే ఆ సంఘము మిల్లుదారులది. గడ్డ పండించు రైతులది కాదు. ఈ భేదమును మన సభ్యులు బాగుగా గమనింపవలెను.

లోకమున కర్రపెండలము నధికముగా పండించు దేశము నైజీరియా. అచ్చట స్త్రీలు గడ్డను చేతితో తురిమి, పులియబెట్టి, వేయించి ‘గారీ’ యను ఆహారము చేసెడివారు. ఊళ్లలోనికి చిన్న తురుము యంత్రములు వచ్చిన పిమ్మట ఆ శ్రమ యెంతో తగ్గినది. పెద్ద మిల్లు లేని గ్రామమునకును ఉమ్మడి చిన్న యంత్రము మేలుచేయునని దీనివలన తెలియుచున్నది.

కావున మా సలహా యిది. కొనువాడు, మిల్లు, దారిబత్తెము నిశ్చయము కాకముందు ఎకరములకొలది నాటవలదు. సామర్లకోటకు చేరులోపల గడ్డ చెడవచ్చును. నాట దలచినవారు నీటివసతి గల కొద్దిపాటి చెక్కలో, తెల్లదోమ తెచ్చు మొజాయిక్ తెగులు లేని కడ్డీలతో పరీక్షింపవచ్చును.

పాఠము మాత్రము నేడే మనకు పనికివచ్చును. హిందూపురము మార్కెట్టునకు పోవు చింతపండును చూడుడు. పెంకు, ఈనె, గింజ తీసి శుభ్రపఱచిన పండునకు ధర వేఱు, చెట్టునుండి రాల్చినట్లే తెచ్చినదానికి ధర వేఱు. ఆ శుభ్రపఱచు పనిని సంఘమే ఊరిలో చేయించినచో ఆ వ్యత్యాసము మన యిండ్లలోనే నిలుచును. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘముల చట్టము ఇట్టి సంఘములకు దారి చూపుచున్నది. ముందు త్రాసు, పిమ్మట గిడ్డంగి, ఆపైని యంత్రము. ఈ వరుస తప్పినచో అప్పు మిగులును. తప్పకున్నచో పంట ఏదైనను రైతునకు పట్టు చిక్కును.