గల్ఫ్‌లో తొలి ఏడాది: అపోహలు – వాస్తవాలు

1973లో చమురు ధరలు ఒక్కసారిగా పెరిగాక గల్ఫ్ దేశాల్లో రోడ్లు, రేవులు, భవనాల పని ముమ్మరమైంది. ఆ పనికి తెలుగు నేల నుంచి పోయినవాళ్లలో జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, నిర్మల్ ప్రాంతాల మగవాళ్లు ఎక్కువ. కువైట్ ఇళ్లలో వంటకూ పిల్లల పెంపకానికీ వెళ్లినవాళ్లలో కడప, కోనసీమ, పశ్చిమ గోదావరి వైపు ఆడవాళ్లు ఎక్కువ. తరాలు మారినా, మొదటిసారి విమానమెక్కేవారు వెంట తీసుకుపోయే నమ్మకాల్లో చాలా వాటికి ఆధారం లేదు. అవి అబద్ధమని తేలేది సాధారణంగా తొలి ఏడాదిలోనే. వీసా, కాంట్రాక్టు, అప్పు మూడూ ఆ పన్నెండు నెలల్లోనే పరీక్షకు వస్తాయి.

వీటిలో అన్నిటికన్నా ఖరీదైన నమ్మకం ఆజాద్ వీసా. ఇది ఉంటే ఎవరి దగ్గరైనా, ఏ పనైనా చేసుకోవచ్చని ఏజెంట్లు చెబుతారు. మామూలు వీసా కన్నా ఎక్కువ డబ్బు కూడా తీసుకుంటారు. ఇలా అమ్ముడయ్యే ఆజాద్ వీసాకు చట్టంలో చోటు లేదు. అది ఎవరో ఒక కఫీల్ (స్పాన్సర్) పేరున ఇంటి డ్రైవర్‌గానో, తోటమాలిగానో తీసిన మామూలు వీసాయే. ఆ కఫీల్ పని ఇవ్వడు. బయట పని చేసుకోనిచ్చి, అకామా (నివాస అనుమతి) రెన్యువల్ సమయంలో డబ్బు అడుగుతాడు. అడిగినంత ఇవ్వకపోతే రెన్యువల్ ఆగుతుంది. సౌదీలో అయితే మనిషి పారిపోయాడని హురూబ్ కూడా పెట్టవచ్చు. అసలు చిక్కు మరోచోట ఉంది. పని చేయించుకున్న మేస్త్రీకీ కార్మికుడికీ మధ్య కాగితమంటూ ఏదీ ఉండదు కాబట్టి, జీతం ఎగ్గొట్టినా లేబర్ కోర్టులో చూపడానికి చేతిలో ఏమీ ఉండదు. తనిఖీలో దొరికితే అకామా మీద ఉన్న పని ఒకటి, చేస్తున్న పని ఒకటి అని తేలుతుంది. దానికి శిక్ష పడవచ్చు, దేశం నుంచి పంపేయవచ్చు. గల్ఫ్‌లో కల్లివెల్లి (కాగితాల్లేనివాళ్లం) అయ్యామని చెప్పుకునేవారిలో ఈ దారిన వచ్చినవారూ ఉన్నారు. విజిట్ వీసా మీద పోయి పని చేయడం కూడా ఇంతే. వెతుక్కోవడం వేరు, పని చేయడం వేరు, రెండోది నేరం.

పదో తరగతి పాస్ కాని వారి పాస్‌పోర్టుపై ఉండే ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) ముద్రను చాలామంది ఒక మచ్చలా చూస్తారు. దాన్ని దాటించడానికి ఏజెంటుకు డబ్బిస్తారు. నిజానికి అది రక్షణ కోసం పెట్టిన ఏర్పాటు. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద, గల్ఫ్ దేశాలు సహా 18 దేశాలకు కూలి పనికి పోయే ఈసీఆర్ పాస్‌పోర్టుదారు ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్ ద్వారా అనుమతి తీసుకోవాలి. అక్కడ యజమాని వివరాలు, కాంట్రాక్టు, జీతం నమోదవుతాయి. ఈ కోవలో వెళ్లే మహిళలకు కనీసం 30 ఏళ్లు ఉండాలి. వాళ్లను ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలి. లైసెన్సున్న ఏజెంటు సేవా రుసుముగా తీసుకోదగింది 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. లక్షన్నర, రెండు లక్షలు కట్టినవారు కట్టింది వీసా ధర అనుకుంటారు. అందులో అధిక భాగం మధ్యవాళ్లది.

అనుమతి సమయంలో తీసుకునే ప్రవాసీ భారతీయ బీమా యోజన గురించి కూడా ఒక పొరపాటు ప్రచారంలో ఉంది. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375 కట్టే ఈ పాలసీలోని పది లక్షలు ప్రమాద మరణానికి, శాశ్వత వైకల్యానికి మాత్రమే. నిద్రలో గుండె ఆగి పోయినవారి కుటుంబానికి ఆ మొత్తం రాదు.

దిగిన తర్వాత మొదట ఎదురయ్యేది పాస్‌పోర్టు విషయం. దాన్ని కఫీల్ దగ్గర పెట్టడమే రూలని కొత్తవాళ్లకు పాతవాళ్లే చెబుతారు. ఆచారం అదే, చట్టం మాత్రం కాదు. సౌదీ, ఖతర్, యూఏఈ, కువైట్ నాలుగు చోట్లా కార్మికుడి పాస్‌పోర్టును యజమాని అట్టిపెట్టుకోవడం నిషిద్ధం. అది పోతే రాయబార కార్యాలయం అవుట్‌పాస్ ఇస్తుంది. అయితే అవుట్‌పాస్ చేతికొస్తే విమానమెక్కవచ్చనుకోవడం ఇంకో పొరపాటు. అది ఇండియాలోకి రావడానికి పనికొచ్చే పత్రం. ఆ దేశం దాటడానికి అక్కడి అధికారుల ఎగ్జిట్ అనుమతి విడిగా కావాలి, జరిమానాలుంటే తేల్చుకోవాలి.

కార్మికుడిని యజమానికి కట్టివేసే కఫాలా పద్ధతి పూర్తిగా పోయిందనేవారూ, ఇసుమంతైనా మారలేదనేవారూ ఉన్నారు. రెండూ సరికావు. 2020లో ఖతర్ యజమాని అనుమతి లేకుండానే ఉద్యోగం మారే వీలు కల్పించింది. 2021 మార్చి నుంచి కనీస వేతనం 1,000 రియాళ్లు చేసింది. తిండి, వసతి యజమాని ఇవ్వకపోతే తిండికి 300, వసతికి 500 అదనం. సౌదీ కూడా 2021 మార్చిలో కంపెనీ కార్మికులకు కొన్ని ఆంక్షలు సడలించింది, కానీ ఇంటి పనివారిని ఆ సడలింపుల బయటే ఉంచింది. కువైట్‌లో ఇంటి పనివారికి 2015లో వచ్చిన 68వ నంబరు చట్టం రోజుకు 12 గంటలకు మించని పని, వారానికో సెలవు ఇచ్చింది. తలుపు లోపల జరిగేదాన్ని ఎవరు తనిఖీ చేస్తారన్నది ఆ చట్టం తీర్చని ప్రశ్న.

ఎండ గురించి ఒక్క మాట. మండువేసవిలో మధ్యాహ్నం బయట పని చేయించకూడదన్న నిబంధన ఉందనే చాలామందికి తెలియదు. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల దాకా ఆరుబయట పని నిషేధం. ఖతర్‌లో అది ఉదయం 10 నుంచి 3.30 దాకా.

ఊళ్లో మాత్రం అందరి చూపూ డబ్బు మీదే. పోయిన మూడో నెల నుంచే మిగులు మొదలవుతుందని ఇంట్లోవాళ్లు లెక్క వేసుకుంటారు. దిర్హామ్ ఇరవై రూపాయలకు పైనే కాబట్టి వెయ్యి దిర్హామ్‌ల జీతం వాళ్ల కంటికి పెద్దదిగా కనిపిస్తుంది. తిండికీ, ఫోనుకూ, చిల్లర ఖర్చులకూ పోగా ఆరు వందలు పంపగలిగాడనుకుందాం. రెండు లక్షల అప్పుకు నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు నాలుగు వేలు, ఏడాదికి నలభై ఎనిమిది వేలు. ఇంటి ఖర్చు, బడి ఫీజు తీశాక పన్నెండు నెలలు నిండేసరికి అసలులో సగం తీరితే అదే గొప్ప. తొలి ఏడాది సంపాదన అప్పిచ్చినవాడిదని అనుభవమున్నవాళ్లు ఒప్పుకుంటారు. ఊరికి వచ్చినప్పుడు పైకి అనరు. అత్తరు సీసాలతో, కొత్త ఫోనుతో దిగినవాడిని చూసి మరొకడు అప్పు చేయడానికి ఆ మౌనం కూడా ఒక కారణం. జీతాల కనీస హద్దు కూడా కదలనిదేమీ కాదు. భారత ప్రభుత్వం నిర్ణయించే కనీస రిఫరల్ వేతనాలను 2020లో గల్ఫ్ దేశాలకు బాగా తగ్గించారు. తెలంగాణ నుంచి నిరసన వచ్చింది, వ్యవహారం హైకోర్టుకు చేరింది. 2021లో పాత వేతనాలను పునరుద్ధరించారు.

పన్ను విషయంలో పొరపాటు ఎక్కువగా ఇంజనీర్లు, నర్సులు, అకౌంటెంట్లది. విదేశీ వీసా పడిన రోజు నుంచే ఎన్నారై అయిపోయామనీ, ఇక్కడి పన్నుతో సంబంధం లేదనీ అనుకుంటారు. ఆదాయపు పన్ను చట్టం చూసేది వీసాను కాదు, ఆ ఆర్థిక సంవత్సరంలో ఇండియాలో గడిపిన రోజులను. ఉద్యోగానికి వెళ్లిన పౌరుడు 182 రోజులు లేదా అంతకు మించి ఇక్కడ ఉండి ఉంటే ఆ ఏడాదికి రెసిడెంటే. నవంబరులో బయలుదేరినవారు అలా రెసిడెంటుగానే లెక్కకొస్తారు కనుక, మార్చి దాకా అక్కడ తీసుకున్న జీతం కూడా ఇక్కడి లెక్కలోకి వస్తుంది. బ్యాంకు విషయం వేరు. విదేశీ మారక చట్టం ఫెమా ప్రకారం ఉద్యోగానికి దేశం విడిచినవారు అప్పటి నుంచే నాన్‌రెసిడెంటు, పాత సేవింగ్స్ ఖాతాను నాన్‌రెసిడెంటు (ఎన్ఆర్ఓ) ఖాతాగా మార్పించుకోవాలి. ఒకే మనిషి పన్నుకు రెసిడెంటు, బ్యాంకుకు నాన్‌రెసిడెంటు కావడం వింతగా అనిపించినా చట్టం అదే.

ఓటు పోతుందన్న భయం అక్కర్లేదు. వేరే దేశ పౌరసత్వం తీసుకోనంత వరకు ఫారం 6ఏతో ప్రవాస ఓటరుగా నమోదు కావచ్చు. ఓటు వేయడానికి మాత్రం పాస్‌పోర్టుతో స్వయంగా పోలింగ్ కేంద్రానికి రావాలి.

ఏడాది నిండితే ఊరికి టికెట్, చేతికి గ్రాట్యుటీ ఖాయమన్నది చివరి అపోహ. కూలి పనుల కాంట్రాక్టుల్లో టికెట్ తరచుగా రెండేళ్లకు ఒకసారే. గ్రాట్యుటీ ఏ దేశంలో పనిచేశారన్నదాన్ని బట్టి మారుతుంది. యూఏఈలో ఏడాది పూర్తయితే, రాజీనామా చేసినా సరే, ఏటికి 21 రోజుల మూల వేతనం చొప్పున వస్తుంది. ఖతర్‌లోనూ ఏడాది దాటితే కనీసం మూడు వారాల వేతనం. సౌదీలో రెండేళ్లలోపు, కువైట్ ప్రైవేటు రంగంలో మూడేళ్లలోపు తనంతట తానే మానేస్తే ఏమీ రాదు. లెక్క కట్టేది మూల వేతనంపై అయినచోట, మొత్తం జీతంలో బేసిక్‌ను తక్కువగా చూపిన కాంట్రాక్టుకు గ్రాట్యుటీ కూడా తక్కువే. సెలవుకు వచ్చి ఊళ్లో ఎక్కువకాలం ఉండిపోయేవారు గమనించాల్సింది ఇంకొకటి ఉంది. యూఏఈ బయట వరుసగా 180 రోజులు దాటితే మామూలు రెసిడెన్సీ వీసా చెల్లకుండా పోతుంది, అందులో రాసిన గడువు ఇంకా మిగిలి ఉన్నా సరే.