శరణాలయపు పద్దు పుస్తకము

తెలుగు పల్లెలలో బందెలదొడ్డిని ఎరుగని పెద్దలు అరుదు. పరుల చేనిలో పడి మేసిన పశువును పట్టి ఆ దొడ్డికి తోలెడివారు. యజమాని వచ్చి బందె సొమ్ము చెల్లించి విడిపించుకొని పోయెడివాడు. పశువులు పరుల చేలలో పడుటను గూర్చిన 1871 చట్టము దొడ్డి అధికారికి మూడు విధులు చెప్పినది. వచ్చిన ప్రతి పశువును దాని గుర్తులతోను, వచ్చిన దినముతోను పుస్తకములో వ్రాయవలెను. అది ఉన్నన్నాళ్లు మేత వేసి నీరు పెట్టవలెను. 7 దినములలో ఎవరును రాకున్న పోలీసు అధికారికి తెలుపవలెను. ప్రకటన వెలువడిన మరి 7 దినములకును యజమాని రానిచో పశువును బహిరంగముగా వేలము వేసెడివారు.

పద్దు, పోషణ, గడువు. నేటి జంతు శరణాలయములపై ప్రభుత్వము చేయు పర్యవేక్షణకు కూడ ఆధారములు ఇవే. కాని ఒక భేదము కలదు. ఎద్దునకు ధర కలదు గనుక వేలములో కొనువాడు దొరకును. దిక్కులేని కుక్కను కొనువాడు లేడు. దాని గడువు తీరిన పిమ్మట ఏమి చేయవలెను? శరణాలయపు కష్టమంతయు ఈ ప్రశ్నలోనే ఉన్నది.

ఒక చిన్న గుణకారము

శరణాలయములో ఎన్ని జంతువులు ఉండునో తెలిసికొనుటకు ఉన్నత పాఠశాల గణితము చాలును. దినమునకు వచ్చు జంతువుల సంఖ్యను, ఒక్కొక్కటి సగటున ఉండు దినములతో గుణింపవలెను. దినమునకు 10 కుక్కలు వచ్చి, ఒక్కొక్కటి సగటున 8 దినములు ఉన్నచో, ఎప్పుడు చూచినను సుమారు 80 కుక్కలు ఉండును. అదే 12 దినములు ఉన్నచో 120 అగును. గదులు 80 మాత్రమే యున్నచో 40 కుక్కలకు చోటు లేదు.

చోటు చాలనప్పుడు రెండు కుక్కలను ఒకే గదిలో ఉంచుదురు. అప్పుడు పార్వో, డిస్టెంపర్ వంటి వ్యాధులు ఒకదానినుండి ఇంకొకదానికి అంటుకొనును. జబ్బుపడిన కుక్కను ఎవరును పెంచుకొనుటకు తీసికొనిపోరు. దానితో సగటు దినములు ఇంకను పెరుగును. ఇరుకు ఇంకను హెచ్చును.

ఈ గుణకారమును తగ్గించు మార్గములు నాలుగు. యజమాని వచ్చి తీసికొనిపోవుట, క్రొత్త ఇంటివారు పెంపకమునకు తీసికొనుట, పట్టిన చోటనే తిరిగి విడుచుట, మరణము. లెక్కలో ఈ నాలుగును ఒకటే. నాలుగింటి వలనను ఒక గది ఖాళీ అగును. కాని న్యాయములో ఒకటి కావు. చోటు కొరకు చంపిన కుక్కను, బాధ తీర్చుటకు చంపిన కుక్కను పద్దు పుస్తకములో వేరుగా చూపించుటయే చట్టము చేయవలసిన పని.

కాలిఫోర్నియా అనుభవము

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రములో 1998 వరకు శరణాలయము తప్పిపోయిన కుక్కను 72 గంటలు ఉంచిన చాలును. ఆ యేట చేసిన చట్టము ఈ గడువును 6 పనిదినములకు పెంచినది. సాయంకాలమో, వారాంతమందో తెరచియుండు శరణాలయములకు 4 పనిదినములు చాలునన్నది. ఏలనగా ఉద్యోగము చేసికొను యజమాని రాగలిగినది ఆ వేళలందే. తగిన ఇల్లు దొరకగల జంతువును చంపరాదనునది రాష్ట్ర విధానమని ప్రకటించినది. ఎనిమిది వారముల వయస్సు నిండి, వ్యాధిగాని ప్రమాదకరమగు స్వభావముగాని కనబడని జంతువే పెంపకమునకు తగినదని నిర్వచించినది.

అయితే దినములు పెరిగినచో గదులు, మేత, వైద్యము కూడ పెరుగవలెను. ఆ వ్యయమును స్థానిక సంస్థలకు రాష్ట్రమే తిరిగి చెల్లింపవలసి వచ్చినది. 2009లో బడ్జెటు ఇబ్బందివలన రాష్ట్రము ఆ చెల్లింపును నిలిపివేయగా, పెంచిన గడువును పాటించవలెనను నిర్బంధము కూడ నిలిచిపోయినది. గుణకారమునకు సరిపడు సొమ్ము లేక, మంచి నియమము కాగితముపై మిగిలినది.

మన దేశపు మార్గము

మన దేశమున జంతుహింసా నివారణ చట్టము 1960లో వచ్చినది. గుండెలో స్ట్రిక్నిన్ విషమును ఎక్కించి వీధికుక్కలను చంపుటను అది నేరము చేసినది. ఈ విషము వెన్నుపాములోని నిరోధక సంకేతములను అడ్డగించును, కండరములన్నియు బిగిసికొనిపోవును, కాని జంతువునకు స్పృహ ఉండును. 1962లో భారత జంతు సంక్షేమ బోర్డు ఏర్పడినది. పిమ్మట 2001లోను, వాని స్థానమున 2023లోను వచ్చిన నియమములు చంపుటకు మారుగా శస్త్రచికిత్సతో సంతానము కలుగకుండ చేసి, రేబీస్ టీకా వేసి, పట్టిన చోటనే విడుచు పద్ధతిని నిర్దేశించినవి. బోర్డు గుర్తింపు లేనిదే ఏ సంస్థయు ఈ పని చేయరాదు.

బాధారహిత మరణమును గూర్చి 2023 నియమములు స్పష్టముగా నున్నవి. నయముకాని వ్యాధి, లేక ప్రాణాంతకమగు గాయము ఉన్న కుక్కకే అది వర్తించును. ఆ నిర్ణయము ఒక్కని చేతిలో లేదు. నియమిత బృందము పరీక్షింపవలెను. అర్హుడగు పశువైద్యుడు సోడియం పెంటోబార్బిటాల్‌ను సిరలోనికి ఎక్కించును. ఈ మందు మొదట పెద్దమెదడును నిద్రపుచ్చును. కొన్ని సెకనులలో స్పృహ పోవును. ఆ తరువాతనే శ్వాస కేంద్రము, గుండె ఆగును. మరియొక జంతువు చూచుచుండగా ఈ పని చేయరాదు. కారణమును వ్రాసి ఉంచవలెను.

రేబీస్ ఉన్నదని బలముగా అనుమానించిన కుక్కను సహితము వేరుగా నుంచి, సహజముగా చనిపోవువరకు చూడవలెను. రోగము బయటపడిన కుక్క సాధారణముగా 10 దినములలో మరణించును. తొందరపడి ముందే చంపినచో ఆ ప్రాంతమున రేబీస్ నిజముగా ఎంత యున్నదో తెలియకుండ పోవునని 2001 నియమములు కారణము చెప్పినవి. పద్దు తప్పినచో శాస్త్రము కూడ తప్పునన్నమాట.

1825 కుక్కలు

2025లో ఈ లెక్క దేశమంతటి ప్రశ్నయైనది. ఢిల్లీ పరిసరములలోని వీధికుక్కలనన్నిటిని శరణాలయములకు తరలింపవలెనని సుప్రీంకోర్టు ఆగస్టు 11న ఆదేశించి, ఆగస్టు 22న దానిని సవరించినది. రేబీస్ గలవానిని, దూకుడు స్వభావము గలవానిని తప్ప మిగిలినవానిని టీకా, శస్త్రచికిత్సల పిమ్మట పట్టిన చోటనే విడువవలెనన్నది. కోరినవారు పురపాలక సంస్థకు దరఖాస్తు చేసి కుక్కను పెంపకమునకు తీసికొనవచ్చును. అది మరల వీధిపాలు కాకుండ చూచుట వారి బాధ్యత. నవంబరు 7న పాఠశాలలు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్లు మొదలగు చోట్ల పట్టిన కుక్కలను మరల అచ్చటనే విడువక శరణాలయములలో ఉంచవలెనని ఆదేశించినది.

కుక్క కాటుకు గురియైన బిడ్డ తల్లిదండ్రుల భయము న్యాయమైనదే. పాఠశాల ఆవరణలో కుక్కలు ఉండరాదను కోరికయు సమంజసమే. కాని గుణకారమును మరువరాదు. ఒక శరణాలయమునకు దినమునకు ఒక్క కుక్కయే వచ్చుననుకొనుడు. దానిని విడువరాదు, ఆరోగ్యముగా నున్నది గనుక చంపరాదు, పెంచుకొనువారు రాలేదు. అది సగటున 5 సంవత్సరములు అచ్చటనే బ్రతికినచో, ఆ శరణాలయమున 1825 కుక్కలకు చోటు కావలెను. సగము కుక్కలు వచ్చిన నెల దినములలో క్రొత్త ఇండ్లకు చేరినచో ఈ సంఖ్య వేయికి లోపునకు దిగును.

కనుక తనిఖీకి వచ్చిన అధికారి మొదట చూడవలసినది గోడల రంగును కాదు. నిన్న ఎన్ని వచ్చినవి, ఒక్కొక్కటి ఎన్ని దినములున్నది, ఏ ద్వారమున బయటకు పోయినది, మరణించినచో ఎవరి పరీక్షపై, ఏ కారణమున అను పద్దులను చూడవలెను. రాక, నిలువ, పోక ఈ మూడును సరిపోయిన పుస్తకములో ఏ ప్రాణియు లెక్కకు రాకుండ మాయము కాజాలదు.